సోమవారం సాయంత్రం మీ హాలు ఖాళీగానే ఉంటుంది

తిరుపతిలోని కల్యాణ మండపాల యజమానులకు, మేనేజర్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ముహూర్తాల సంగతి మీకు నేను చెప్పేదేముంది. అయినా ఒక లెక్క వేశాను, తప్పయితే దిద్దండి. మంగళవారం ఎవరూ పెళ్ళి పెట్టుకోరు. మన వైపు రిసెప్షన్ ముందు రోజు రాత్రే అయిపోతుంది, తెల్లారి తాళి. మంగళవారం పెళ్ళి లేనప్పుడు సోమవారం రాత్రి రిసెప్షన్ కూడా ఉండదు. సోమవారం పొద్దున పెళ్ళి జరిగినా మధ్యాహ్నం బంతులు లేచి, నాలుగింటికల్లా పెళ్ళివారు వ్యాన్లు ఎక్కేస్తారు. ఆ తర్వాత మీ హాల్లో మిగిలేది వాచ్‌మన్, తిరుగుతున్న ఒక ఫ్యాను, మూలన కుప్పేసిన వాడిన బంతిపూలు. ఈ లెక్క నా సొంతం కాదు. మా వీధిలో ఒక వంటాయన ఉన్నారు. సీజన్లో ఆయన ఇంట్లో కూర్చుని అన్నం తినేది సోమవారం రాత్రి ఒక్కటేనట. ఎందుకని అడిగితే ఇదంతా విడమరచి చెప్పారు.

ఆ సోమవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మీలో ఎవరో ఒకరు మీ భోజనాల హాలు మాకు ఇవ్వాలని అడగడానికే ఈ ఉత్తరం. మేము తొమ్మిది మందిమి. ఫెన్సింగ్ ఆడుకుంటాం.

ఫెన్సింగ్ అంటే కంచె కాదండీ. ఈ మాట మొదటే చెప్పుకోవాల్సి వస్తోంది. మన జిల్లాల్లో ఆ మాట వింటే ఎవరికైనా గుర్తొచ్చేది మామిడి తోట చుట్టూ ముళ్ళ తీగ, లేదంటే పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు దిగకుండా వేసే సోలార్ కంచె. నేను ఒక షాపులో రబ్బరు షీట్లు అడుగుతూ ఫెన్సింగ్ కోసమని నోరు జారితే, కౌంటర్లో పెద్దాయన చాలా శ్రద్ధగా "ఎన్ని ఎకరాలమ్మా?" అని అడిగారు. మేము ఆడేది కత్తిసాము. తెల్ల జాకెట్, ముఖానికి జల్లెడ లాంటి మాస్కు, చేతిలో సన్నటి కత్తి. మొదటి ఆధునిక ఒలింపిక్స్ 1896లో జరిగాయి కదా, అప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పకుండా ఉన్న కొద్ది ఆటల్లో ఇదొకటి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీ మీద కొన్నేళ్ళు చెన్నైలో ఉన్నాం. అక్కడ మా పాపను ఫెన్సింగ్‌లో చేర్చాను. బెంచీ మీద కూర్చుని దాని నీళ్ళ సీసా కాపలా కాసి కాసి విసుగొచ్చి, నలభై మూడో ఏట నేనూ మాస్కు పెట్టుకున్నాను. మళ్ళీ తిరుపతి వచ్చాక మాకు దొరకనిది ఆడుకోవడానికి చోటు. కోచ్ లేకపోయినా ఫరవాలేదు, కత్తులు మా దగ్గరున్నాయి, మనుషులు ఒక్కొక్కరే తోడయ్యారు. చోటే లేదు.

మీలో ఒకరిని ఇప్పటికే అడిగాం. ఏ మండపమో చెప్పను, చెప్పడం మర్యాద కాదు. మేనేజరుగారు మజ్జిగ ఇప్పించి, విషయం మొత్తం విని, చివరికి అన్నారు: "ఏందమ్మా, నాలుగు కాలాలు పచ్చగా ఉండాలని పెండ్లిండ్లు చేసుకునే చోటు. ఈడికి కత్తులు తెస్తానంటావే!"

ఆయన మాటను నేను కొట్టిపారేయలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. శుభకార్యం జరిగే చోట ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్న పట్టింపు నాకూ ఉంది. అప్పుడు మా తమ్ముడి పెళ్ళి ఆల్బమ్ తీశాను. రెండో పేజీలోనే ఉన్నాడు వాడు, బాసికం కట్టుకుని, బుగ్గన చుక్కతో. కుడి చేతిలో కత్తి, దాని మొనకి గుచ్చిన నిమ్మకాయ. మీ గుమ్మంలోకి ఎంతమంది పెళ్ళికొడుకులు అలా కత్తి పట్టుకుని రాలేదు? మొనకి నిమ్మకాయ ఉంది కాబట్టి ఆ కత్తి ఎవరినీ గుచ్చదు. మా కత్తి మొనకి కూడా మేకు తలలాగా చదునుగా కొట్టిన బిళ్ళ, దాని మీద రబ్బరు తొడుగు ఉంటాయి. నిమ్మకాయ కంటే చిన్నది, అంతే తేడా. పైగా పెళ్ళికొడుకు కత్తికి పదునైనా ఉంటుంది, మాదానికి అసలు అంచే లేదు. మేము ఆడేదాన్ని ఫాయిల్ అంటారు. నాలుగు పలకలుగా ఉండే ఉక్కు కడ్డీ, 90 సెంటీమీటర్ల పొడవు. మొత్తం కత్తి అరకిలో దాటకూడదని నియమం. గట్టిగా పొడిస్తే విల్లులాగా వంగిపోతుంది. దాంతో కీరా ముక్క కూడా కోయలేం, మా పాప ప్రయత్నించి చూసింది.

ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నామో చెప్తాను. బైరాగిపట్టెడలో మా మేడ మీద. ఈ ఆటకి కావలసిన బాట 14 మీటర్ల పొడవు, ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల వెడల్పు. అడుగుల్లో చెప్తే పొడవు 46, వెడల్పు ఆరున్నర దాకా. మా మేడ నీళ్ళ ట్యాంకు నుంచి మెట్ల గది దాకా కొలిస్తే ఇరవై ఎనిమిది అడుగులు. ఆట మొదలయ్యేటప్పుడు ఇద్దరి మధ్య నాలుగు మీటర్లు ఉండాలి. అది తీసేస్తే ఒక్కొక్కరి వెనకాల మిగిలేది ఏడున్నర అడుగులు. ఎదుటివాళ్ళు మీద మీదకి వస్తుంటే మూడుసార్లు వెనక్కి జరిగానో లేదో, వీపుకి సింటెక్స్ ట్యాంకు తగులుతుంది. అసలు ఆటలో రెండు కాళ్ళూ వెనక గీత దాటితే ఎదుటివాళ్ళకి ఒక పాయింటు. మా మేడ మీద ఆ గీత ట్యాంకే. చప్పుడు వస్తే పాయింటు.

మిగతా కష్టాలు చెప్పుకుంటే నవ్వుతారు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడింటికి కూడా నేల పెనంలాగే ఉంటుంది, దాని మీద మందపాటి జాకెట్. దీపావళి ముందు నుంచి వానలు. పక్కింటి పిన్నిగారు వడియాలు పెట్టిన రోజు మాకు సెలవు. ఒకసారి నా కత్తి వెళ్ళి ఆవిడ ఆరేసిన జరీ చీరలో చిక్కుకుంది. చీర చిరగలేదు, కానీ ఆ పూటంతా నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. గంగజాతర రోజుల్లో తెల్ల జాకెట్‌తో, చంకలో మాస్కుతో కిందికి దిగితే వీధి పిల్లలు చుట్టూ చేరి "ఆంటీ, ఇది ఏ వేషం?" అన్నారు.

పోలీసులు కూడా వచ్చారు. ఎవరో మేడ మీద కత్తులతో కొట్టుకుంటున్నారని ఫోన్ చేశారట. చేసినవాళ్ళ తప్పేమీ లేదు, దూరం నుంచి చూస్తే అలాగే కనిపిస్తాం. ఇద్దరు కానిస్టేబుళ్ళు మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ వచ్చారు. ఒకాయన కత్తి తీసుకుని మొన అరచేతిలో పెట్టి నొక్కి చూశాడు. వంచి చూశాడు. "ఇది వంగతా ఉందే" అన్నాడు, కాస్త నిరాశగా. తొమ్మిది దాటాక చప్పుడు చేయొద్దని చెప్పి, మాస్కు పెట్టుకుని ఒక సెల్ఫీ దిగి వెళ్ళిపోయారు.

మీ భోజనాల హాల్లో ఈ బాధలేవీ ఉండవు. అరవై, డెబ్బై అడుగుల పొడవు, తలకి తగలని ఎత్తులో ఫ్యాన్లు, నాలుగు వైపులా గోడలు. బల్లలు మడిచి గోడకి ఆనిస్తే రెండు బాటలు పక్కపక్కనే వస్తాయి. ఒక్క చిక్కు నేల. మీ గ్రానైటు నున్నగా ఉంటుంది, ఎన్నిసార్లు తుడిచినా నెయ్యి జిడ్డు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఈ ఆటలో ప్రాణమంతా ఒక అడుగులో ఉంది. కత్తి చెయ్యి ముందు చాపాలి, ఆ తర్వాత వెనక కాలు నిటారుగా తన్ని, ముందు కాలు మడమ మీద దిగాలి. ఆ మడమ జారిందా, తొడ కండరం పట్టేస్తుంది, నెల రోజులు మంచమే. అందుకే రబ్బరు చాపలు మేమే కొనుక్కున్నాం. చుట్టి ఆటోలో తెస్తాం, పరుచుకుంటాం, తీసుకెళ్తాం.

ఆ అడుగుకి ఇంగ్లీషులో ఒక పేరుంది. అది ఇక్కడ రాయను. చెన్నైలో కోచ్ ఆ మాట హాలు దద్దరిల్లేలా అరిచిన మొదటి రోజు, తెలుగు తల్లులం నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలు దించుకున్నాం. మా దగ్గర దాన్ని "దూకు" అంటున్నాం. మీ మండపం మర్యాదకి భంగం రాదు.

మా తొమ్మిది మందిలో ఎవరెవరున్నారో కూడా తెలియాలి కదా. నేను, మా పాప, వెటర్నరీ చదివే ఇద్దరు కుర్రాళ్ళు, ఒక నర్సు, ఒక ట్యాక్సీ డ్రైవరు తమ్ముడు, ఇంజనీరింగు పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి, ఆమె అన్న, ఇంకా అరవై దాటిన ఒక రిటైర్డ్ టీచరుగారు. ఈ పెద్దాయనది పుత్తూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు ఊళ్ళో గరిడీ నేర్చుకున్నారు, ఇప్పటికీ కర్ర తిప్పితే గాలి కోసిన శబ్దం వస్తుంది. మొదటి రోజు మా అడుగులు చూసి, "కర్రసాములో అడుగు గుండ్రంగా తిరగతాది. దీంట్లో రైలు పట్టాల మీద పెట్టినట్టు ముందుకు పోవాల, ఎనక్కి రావాల, అంతే" అన్నారు. ఫెన్సింగ్ అడుగుల గురించి నేను చెన్నైలో ఏడాది విన్నదానికంటే ఆ ఒక్క మాట బాగా పనికొచ్చింది. కొత్తవాళ్ళకి ఇప్పుడు అదే చెప్తున్నాం.

నియమాలు కూడా ఆయనే మన పద్ధతిలో చెప్తారు. ఈ ఆటలో మూడు రకాల కత్తులు. ఫాయిల్‌లో మొండెం మీద మొన తగిలితేనే లెక్క. సేబర్‌లో నడుము పైన, అరచేతులు తప్ప ఎక్కడైనా సరే, మొనతోనే కాదు అంచుతో కొట్టినా లెక్కే. ఎపీలో తల నుంచి కాలి బొటనవేలి దాకా ఎక్కడ తగిలినా పాయింటే. మా టీచరుగారు పిల్లలకి దుర్యోధన వధతో కలిపి చెప్తారు. మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరిగి, చివరి రోజు మట్టితో అంత పొడవు దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు చూడండి. గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదు, భీముడు తొడ మీద కొట్టాడు. "ఫాయిల్ లెక్కన భీముడికి పాయింటు రాదు. ఎపీ అయితే వస్తుంది. బలరాముడికి కోపం రావాలా వద్దా అనేది ఏ కత్తి పట్టుకున్నామనే దాన్ని బట్టి ఉంటాది" అంటారు. పిల్లలు ఇంకెప్పుడూ మరిచిపోరు.

పాయింటు ఎలా తెలుస్తుందని అడుగుతారేమో. పోటీల్లో కరెంటు పెట్టె ఉంటుంది. కత్తి తగిలితే దీపం వెలుగుతుంది. ఒలింపిక్స్‌లో ఎపీకి 1936లో, ఫాయిల్‌కి 1956లో, సేబర్‌కి 1992లో ఈ పెట్టెలు వచ్చాయి. అంతకుముందు చుట్టూ మనుషులు నిలబడి కళ్ళతో చూసి చెప్పేవాళ్ళు. మాకు పెట్టె లేదు, చుట్టూ నిలబడడానికి మనుషులూ చాలరు. అందుకని తగిలించుకున్నవాళ్ళే చెయ్యెత్తి "తగిలింది" అనాలి. కొట్టినవాళ్ళు నోరు మెదపకూడదు. వినడానికి చిన్న విషయం. చేసి చూడండి. మొన్న మా పాపతో నాలుగు నాలుగు పాయింట్ల మీద ఉన్నాం, ఐదోది ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు. దాని మొన నా పక్కటెముకల మీద అలా రాసుకుంటూ పోయింది. తగిలిందా, గీరుకుందా? మాస్కు లోపల నాకు మాత్రమే తెలుసు. ఒక్క క్షణం నోరు రాలేదు. తర్వాత చెయ్యెత్తాను. అది మాస్కు తీసి నా వైపు చూసిన చూపు, అబ్బ, ఇంకో వారం దాకా ఇంట్లో చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

"దీనివల్ల ఏం వస్తుంది?" అని చాలామంది అడిగారు. కోటా ఉందా, సర్టిఫికెట్ ఇస్తారా, సీటుకి పనికొస్తుందా అని. ఒక క్రీడా కార్యాలయంలో అయితే అసోసియేషన్ గుర్తింపు పత్రం, కోచ్ సర్టిఫికెట్, ఏడాది ప్రణాళిక, ఎన్ని పతకాలు తెస్తారో అన్నీ రాసివ్వమన్నారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. మేము రాయలేకపోయాం. పతకాలు తెచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకి దండం పెడతాను. మనకి మూడు గంటల దూరంలో ఉన్న చెన్నై అమ్మాయి భవానీ దేవి 2021 జూలై 26న టోక్యోలో ఒలింపిక్స్ ఆడిన తొలి భారతీయ ఫెన్సర్ అయ్యింది. మొదటి ఆట 15-3తో గెలిచి, రెండో ఆట ఫ్రాన్స్ అమ్మాయి చేతిలో 7-15తో ఓడింది. 2023లో ఆసియా ఫెన్సింగ్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది, మన దేశానికి అక్కడ అదే మొదటిది. ఆమె మొదట్లో సాధన చేసింది వెదురు కర్రలతో. మా పాపకి సేబర్ పిచ్చి పట్టింది ఆమెని చూసే.

కానీ మా తొమ్మిది మంది అందుకోసం రావడం లేదు. మా ట్యాక్సీ తమ్ముడు పగలంతా రేణిగుంట ఎయిర్‌పోర్టుకీ అలిపిరికీ మధ్య బండి తోలి వస్తాడు. నర్సమ్మ డ్యూటీ దిగి వస్తుంది. ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి ఇంట్లో చుట్టాల ప్రశ్నలు తప్పించుకోవడానికి వస్తుంది, ఆ మాట తనే చెప్పింది. టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళని ఏం వస్తుందని ఎవరూ అడగరు. మమ్మల్ని అడిగితే చెమట వస్తుందని చెప్తున్నాను.

భయం సంగతికి వస్తాను, మీరు హాలు ఇవ్వాలంటే అది తేలాలి కాబట్టి. ఈ ఆటలో ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. 1982లో రోమ్‌లో ప్రపంచ పోటీల్లో సోవియట్ ఆటగాడు వ్లదిమిర్ స్మిర్నోవ్ ఎదుటివాడి కత్తి విరిగి, ఆ విరిగిన కొన మాస్కును చీల్చుకుని పోవడంతో చనిపోయాడు. ఆ తర్వాతే మాస్కుల జల్లెడ, కత్తుల ఉక్కు, జాకెట్ల గుడ్డ అన్నీ మార్చారు. గట్టి నియమాలు వచ్చాయి. అందులోంచి మేము నేర్చుకున్నది ఇది: భయపడాల్సింది మొనకి కాదు, విరిగిన కత్తికి. ప్రతి సోమవారం ఆటకి ముందు ప్రతి కత్తినీ వేళ్ళతో తడిమి, గాటు పడిందేమో చూస్తాం. ఉంటే అది ఆ రోజే పక్కకి. మాస్కు లేకుండా ఎవరూ కత్తి ఎత్తకూడదు, సరదాకి కూడా, ఫోటోకి కూడా. జాకెట్ లోపల కత్తి చేతి వైపు చంక కింద ఇంకో పొర తొడుగు తప్పనిసరి. ఇంతవరకు మాకు తగిలిన దెబ్బలంటే మడమ బెణుకులు, నీలం మచ్చలు. నా తొడ మీద ఒకటి రూపాయి బిళ్ళంత ఉంది. ఏదైనా జరిగితే బాధ్యత మాదేనని తొమ్మిది మందిమీ కాగితం మీద సంతకాలు పెట్టి ఇస్తాం. పిల్లల తరఫున తల్లిదండ్రులు పెడతారు.

డబ్బు. మనిషికి నెలకి మూడు వందలు వేసుకుంటున్నాం, రెండు వేల ఏడు వందలు. మీ ఒక్క పూట అద్దె ముందు అది పాలలో నీళ్ళ పాటి కూడా కాదని తెలుసు. అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాం. కరెంటు ఖర్చు పోను ఏమైనా మిగిలితే మీ వాచ్‌మన్‌కి ఇవ్వండి. ఏసీ వద్దు, ఫ్యాన్లు చాలు. మీకు బుకింగ్ వస్తే పొద్దున చెప్పినా సాయంత్రం రాము, నిష్ఠూరం పెట్టుకోం. గోడకి మేకు కొట్టం, నేల మీద పెయింటు గీతలు గీయం. వేదిక ఉన్న హాలు మాకొద్దు, అక్కడ చెప్పులతో నడవకూడదన్న పట్టింపు ఉంటుంది. భోజనాల హాలు చాలు, అక్కడ కూడా ఆటకి విడిగా ఉంచుకున్న బూట్లే వేసుకుంటాం. మీ పిల్లలెవరైనా నేర్చుకుంటామంటే వాళ్ళ దగ్గర రూపాయి తీసుకోం.

ఆషాఢం, మూఢం రోజుల్లో మీకు కుదిరితే ఇంకో సాయంత్రం కూడా అడగాలని ఉంది. అది తర్వాత సంగతి. ముందు సోమవారం.

మీలో ఒక్కరు సరే అంటే చాలు. ఆరింటికి వచ్చి బల్లలు మేమే మడుచుకుంటాం. ఎనిమిదింటికి మళ్ళీ వేసి, ఊడ్చి, తాళం వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్తాం. చాపల ఆటో లోపలికి రావడానికి ఏ గేటు తీయిస్తారో చెప్తే చాలు.

ఇట్లు,
తొమ్మిది మంది తరఫున,
బైరాగిపట్టెడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని